కడపలో ‘వైరస్ ప్రూఫ్’ సిస్టమ్ కొనేవాళ్లు డబ్బులు కట్టేముందు ఇది చూడండి

మామూలు అసెంబుల్డ్ కంప్యూటర్‌కే ఇంకొంచెం డబ్బులు వేసి ‘వైరస్ ప్రూఫ్ సిస్టమ్’ అని ఇక్కడ కడపలో ఒక షాపులో అమ్ముతున్నారు. షాపు పేరు రాయను, ఈ మాట ఎవరు చెప్పి అమ్మినా జాగ్రత్తే. మా బామ్మర్దికి జిరాక్స్ సెంటర్ ఉంది, రోజంతా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు, మెయిళ్లు తెరవక తప్పదు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్‌తో విసిగిపోయి ఇది కొన్నాడు. "ఏమన్నా రానీన్నా, ఆ లోపలే చస్తాది" అన్నాడంట షాపతను.

తీరా చూస్తే అతను వేసింది వర్చువల్‌బాక్స్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, ఎవరికైనా ఉచితంగా దొరికేదే, దాంట్లో ఇంకో విండోస్. పద్ధతి మాత్రం మంచిదే, దాన్ని తప్పుపట్టను. లోపలి విండోస్ తన హార్డ్‌డిస్క్ అనుకునేది బయట ఒక పెద్ద ఫైలు, అంతే. లోపల ఏం పడినా ముందే తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్‌కు (అంటే బాగున్నప్పటి స్థితికి) వెనక్కి పోతే శుభ్రం. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే లొసుగు ఉంటే వైరస్ బయటికి రావచ్చు, 2015లో బయటపడిన ‘వెనమ్’ అనే లొసుగు అలాంటిదే (అదీ ఫ్లాపీ డ్రైవ్ కోడ్‌లో, ఫ్లాపీలు మ్యూజియంకు పోయిన కాలంలో!). మా వాడి కేసులో అంత దూరం పోవాల్సిన పనే పడలేదు.

ఎందుకంటే ఫైళ్లు అటూ ఇటూ సులువుగా పోవాలని షాపతను అసలు కంప్యూటర్ డి డ్రైవ్ మొత్తాన్ని షేర్డ్ ఫోల్డర్‌గా, అంటే లోపలి విండోస్ కూడా వాడుకునేలా ఇచ్చేశాడు, చూడ్డమే తప్ప మార్చనివ్వని ‘రీడ్ ఓన్లీ’ టిక్ కూడా పెట్టకుండా. గోడ కట్టి తలుపు బార్లా తీసిపెట్టినట్టు. ఎవరో రెజ్యూమె అని మెయిల్ చేస్తే మా వాడు లోపలే కదా అని తెరిచాడు, అది డాట్ ఈఎక్స్ఈ, అంటే తెరవగానే నడిచే ప్రోగ్రామ్, విండోస్ ఫైలు పేరు చివరి ఆ తోకను మామూలుగా చూపించదు. అందులో ఉన్న ర్యాన్‌సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) డి డ్రైవ్ ఒక నెట్‌వర్క్ డ్రైవ్‌లా కనపడింది. పెళ్లికార్డుల డిజైన్లు, ఫ్లెక్సీలు, బిల్లులు అన్నీ లాక్, ప్రతి ఫోల్డర్‌లో డబ్బులడిగే నోట్‌ప్యాడ్ ఫైలు ఒకటి. స్నాప్‌షాట్‌కు వెనక్కి పోతే లోపలి విండోస్ కొత్తదానిలా వచ్చింది, డి డ్రైవ్ మాత్రం అట్లే ఉంది. స్నాప్‌షాట్ వర్చువల్ డిస్క్‌కే గానీ షేర్డ్ ఫోల్డర్‌కు వర్తించదు మరి.

పెన్‌డ్రైవ్ సంగతి సరేసరి. పెన్‌డ్రైవ్‌ను నేరుగా లోపలి విండోస్‌కే పంపే యూఎస్‌బీ ఫిల్టర్ అనే సెట్టింగ్ పెట్టలేదు కాబట్టి పెన్‌డ్రైవ్ పెట్టగానే ముందు అసలు విండోస్‌లోనే తెరుచుకుంటోంది. పైగా రెండు విండోస్‌లూ క్రాక్ చేసినవే, క్రాక్ పనిచేయాలని యాంటీవైరస్ ఆపేసి ఇచ్చాడు.

కొనేవాళ్లు షాపులోనే వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్ తెరిపించి షేర్డ్ ఫోల్డర్స్ ఖాళీగా ఉందో లేదో చూడండి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర ‘వర్చువలైజేషన్: ఎనేబుల్డ్’ అని ఉండాలి, లేకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) ఆన్ చేయించండి. 4 జీబీ ర్యామ్‌తో రెండు విండోస్‌లు నడుస్తాయంటే నమ్మొద్దు. అసలు విండోస్ ప్రో ఒరిజినల్ ఉంటే దాంట్లోనే ఇలాంటి పనికే విండోస్ శాండ్‌బాక్స్ ఉంది, మూసేయగానే లోపలిదంతా చెరిగిపోతుంది, దానికి ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. హోమ్ ఎడిషన్‌లో మాత్రం అది ఉండదు.

అడిగితే షాపతను "సాఫ్ట్‌వేర్‌కు వారంటీ లేదన్నా" అంటున్నాడు. బిల్లు మీద ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అని తప్ప ఒక్క ముక్క లేదు, కాబట్టి మీరైతే ‘వైరస్ ప్రూఫ్’ అన్న మాటను బిల్లు మీద రాయించుకోండి, 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసేటప్పుడు చేతిలో ఏదో ఒక కాగితం ఉంటుంది.