చేను అంచు గడ్డి: కోయాలా, మేపాలా, వదిలేయాలా?

వాన నీటితో చేనులోని మట్టి, ఎరువు కొట్టుకుపోకుండా ఆపేందుకు చేను అంచున నాలుగైదు మీటర్ల వెడల్పున గడ్డి పెంచడం వరకు పెద్దగా పేచీ ఉండదు. అది నడుమెత్తు పెరిగాకే అసలు తగవు. ఒకరికి కొడవలి పట్టాలనిపిస్తుంది, ఇంకొకరికి పశువులను తోలాలనిపిస్తుంది, మరొకరు దాని మానాన దాన్ని వదిలేయమంటారు.

ఏది మేలో తేల్చే ముందు ఒక పని చేయండి. పెద్ద వాన వెలిసిన మర్నాడు, చేను ముగిసి గడ్డి మొదలయ్యే చోట వంగి చూడండి. దుబ్బుల మొదళ్ల దగ్గర మెత్తటి ఒండ్రు మేట వేసి ఉంటుంది. రెండడుగులు లోపలికి వెళ్లేసరికి ఆ మేట పలచబడుతుంది. చేనులో ఉరుకుతూ వచ్చిన నీరు కాడల మధ్య చిక్కి, నెమ్మదించి, మోసుకొచ్చిన బరువును అక్కడ దించేసిందన్నమాట. మట్టిని అంటిపెట్టుకుని వచ్చే భాస్వరమూ దానితోనే ఆగుతుంది. సన్నటి బంకమన్ను ఆగడానికి ఇంకాస్త వెడల్పు కావాలి. నీటిలో కరిగిపోయిన నత్రజనిని కాడలు ఆపలేవు. ఆ నీరు నేలలోకి ఇంకితేనే అది వేళ్లకు అందుతుంది. అంటే కాడలు ఒత్తుగా, నిటారుగా ఉండాలి, నేల గుల్లగా ఉండాలి. మిగతాదంతా ఈ కొలతతోనే చూస్తాను.

వదిలేయడంలో చేతి ఖర్చు లేదు, పైగా పురుగులకు అది పండుగే. పాత దుబ్బులను వేళ్లతో విడదీస్తే అడుగున పొడిగా, వెచ్చగా ఉంటుంది. పైరు లేని కాలంలో నేలమీద తిరిగే పెంకుపురుగులు, సాలీళ్లు తలదాచుకునేది అక్కడే. పైరు వేశాక అవే చేనులోకి వెళ్లి పేనుబంకను తింటాయి. అయితే ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే గడ్డి పడిపోయి చాపలా పరుచుకుంటుంది, వరద నీరు దాని మీదుగా జారిపోతుంది. చేను నుంచి వచ్చిన ఎరువు తిని బలిసిన రెండు మూడు మొండి రకాలు మిగిలి, పూలమొక్కలు కనుమరుగవుతాయి. ఆ తరువాత తుప్పలు లేచి, వాటి నీడలో గడ్డే పలచబడుతుంది.

కోసి అక్కడే పడేయడం నాకు బొత్తిగా నచ్చని పద్ధతి. చూపుకు శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ కోత మందంగా ఉంటే కింది పిలకలకు ఊపిరాడదు. అది కుళ్లినప్పుడు, గడ్డి కష్టపడి పట్టుకున్న భాస్వరం కరిగి మళ్లీ నీటి దారే పడుతుంది.

మేపితే మేత కలిసొస్తుంది. అయితే పశువు తిన్న పోషకాల్లో చాలా భాగం పేడగా, మూత్రంగా అదే నేల మీద పడుతుంది. తడి నేలలో గిట్టలు దిగబడితే నేల గట్టిపడి నీరు ఇంకదు. పక్కనే వాగో కాలువో ఉంటే పశువులు అందులోకీ దిగుతాయి. నేల ఆరిన రోజుల్లో కొద్దిసేపు మేపితే తప్పులేదు. చేనుకు పురుగుమందు కొట్టి ఎన్నాళ్లయిందో మాత్రం చూసుకోవాలి. గాలికి కొట్టుకొచ్చే మందు తుంపర ముందుగా పడేది ఈ గడ్డి మీదే.

అందుకే నా ఓటు కోసి మోసుకుపోవడానికి. పని ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ గడ్డి పట్టుకున్న పోషకాలు మళ్లీ నీటిలో కలవకుండా నిజంగా పొలం అంచు దాటి బయటికి వెళ్లేది ఈ ఒక్క పద్ధతిలోనే. వెలుతురు తగిలి పిలకలు వేస్తే గడ్డి ఒత్తవుతుంది. నేలకు గుండు కొట్టినట్టు కాక పది పదిహేను సెంటీమీటర్లు వదిలి కోయాలి. పూలు గింజ కట్టాక, నేలమీది గూళ్లలోని పిల్లలు ఎగిరిపోయాక, గట్టి వానలకు మళ్లీ చిగురించే వ్యవధి ఉండేలా చూసుకుని కోయాలి. అంతా ఒకేసారి కోయకండి. చేను వైపు సగాన్ని ఏటా, అవతలి సగాన్ని రెండు మూడేళ్లకోసారి కోస్తే పెంకుపురుగులకూ ఇల్లు మిగులుతుంది. గడ్డి వేసిన మొదటి ఏడు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఆ ఏడు కలుపు గింజ కట్టకముందే మూడు నాలుగు సార్లు కోయాల్సిందే.

కోత ఎంత బాగా చేసినా ఒక చోట మోసం జరుగుతుంది. ఒండ్రు ఏటా పేరుకుని చేను వైపు అంచున చిన్న కట్టలా లేస్తుంది. నీరు గడ్డిలోకి రాకుండా ఆ కట్ట వెంటే పారి, ట్రాక్టరు దాటే పల్లపు చోట ఒకే పాయగా బయటపడుతుంది. అక్కడ గడ్డి ఎంత వెడల్పున్నా లేనట్టే. పారతో ఆ మట్టిని గీకి తిరిగి చేనులోనే చల్లి, బోడిపడిన చోట గింజలు వేయాలి. ట్రాక్టరును కూడా ఆ గడ్డి మీద తిప్పకూడదు.