బొకేకి గార్డెన్ గులాబీలు: జూలియెట్, పేషెన్స్, వైట్ ఓహారా

రెండు వారాలు చెక్కుచెదరని పువ్వు కావాలనుకునేవాళ్ళు గార్డెన్ గులాబీల జోలికి పోకపోవడమే మేలు. వాజ్‌లో ఇవి మామూలుగా 5 నుంచి 7 రోజులు ఉంటాయి. ఆ కొద్ది రోజుల్లోనే గట్టి మొగ్గ గిన్నెలా విచ్చుకుంటుంది, పొరలు పొరలుగా రేకులు బయటపడతాయి, గదంతా వాసన కమ్ముతుంది. డబ్బు పెట్టేది అందుకే.

జూలియెట్‌ది లేత పీచ్ పండు రంగు. ఇంగ్లండ్ గులాబీల సంస్థ డేవిడ్ ఆస్టిన్ 2006లో లండన్‌లోని చెల్సీ పూల ప్రదర్శనలో బయటపెట్టిన రకమిది. పెళ్ళి బొకేల్లో దీనికి వచ్చిన పేరు ఊరికే రాలేదు, విచ్చుకున్న రూపం అంత అందం. వాసన మాత్రం తేలిక. అదే సంస్థవారి పేషెన్స్ మీగడ తెలుపు, ముడతల రేకులు, మంచి పరిమళం. కానీ వేలు గట్టిగా తగిలితే చాలు, రేకు మీద గోధుమ రంగు మరక తేలుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన డెల్బార్ సంస్థ వైట్ ఓహారాలో తెలుపు నడుమ లేత గులాబీ ఛాయ ఉంటుంది, సువాసన గాఢం. వాసనే ముఖ్యమైతే కళ్ళు మూసుకుని ఓహారా తీసుకోవచ్చు.

కొనేటప్పుడు రంగు కన్నా ముందు మొగ్గ అడుగు చూడాలి. ఆకుపచ్చ తొడిమ రెక్కలు కిందికి వాలి, బయటి రేకులు కాస్త వదులైన మొగ్గ తప్పక విచ్చుకుంటుంది. ఆ రెక్కలు ఇంకా మొగ్గను అంటిపెట్టుకునే ఉంటే అది చాలాసార్లు అలాగే వాడిపోతుంది. మొగ్గ అడుగున మెల్లగా నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా ఉంటే పాత సరుకు. బయటి ఒకటి రెండు రేకులు ఆకుపచ్చగా, గరుకుగా ఉండటం లోపం కాదు, అవి లోపలివాటికి కాపలా. వాడే ముందు తుంచేస్తే సరి. పూర్తిగా విచ్చుకోవడానికి 1–2 రోజులు పడుతుంది కాబట్టి వేడుకకు 2–3 రోజుల ముందే తెప్పించుకోవాలి.

ఇంటికి రాగానే నీటిలో మునిగే ఆకులన్నీ తీసేయండి. ముళ్ళు గీకొద్దు, తొక్క లేచిన చోటల్లా బ్యాక్టీరియా చేరుతుంది. పదునైన కత్తితో కాడ చివర 2–3 సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి, వెంటనే గోరువెచ్చని నీటిలో పెట్టాలి. ఆలస్యమైతే కాడలోకి గాలి చేరి నీరు పైకి ఎక్కదు. మెడ వాలిపోవడానికి ముఖ్య కారణాలు ఈ గాలీ, ఆ బ్యాక్టీరియానే. ఫ్లవర్ ఫుడ్ ప్యాకెట్ మీద రాసిన కొలతే వాడండి. అందులో చక్కెర, నీటిని పుల్లగా చేసే ఆమ్లం, బ్యాక్టీరియాను అడ్డుకునే మందు మూడూ ఉంటాయి. ఉత్త చక్కెర వేస్తే బ్యాక్టీరియాను మేపినట్టే. రెండు రోజులకోసారి వాజ్ కడిగి, నీళ్ళు మార్చి, కాడ మళ్ళీ కోయాలి.

పువ్వు మీద నీళ్ళు చల్లొద్దు. దట్టమైన రేకుల మధ్య తడి నిలిస్తే బూజు పట్టి గోధుమ చుక్కలు వస్తాయి. పండుతున్న పళ్ళ పక్కన కూడా పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు రేకులు త్వరగా రాలిపోతాయి.

మెడ వాలిన పువ్వును వెంటనే పారేయక్కర్లేదు. తల నిటారుగా నిలిచేలా కాగితంలో గట్టిగా చుట్టి, కాడ మళ్ళీ కోసి, మెడ దాకా నీటిలో రెండు గంటలు ఉంచండి. లోపల గాలి అడ్డుపడిందంటే ఆపాటికి లేస్తుంది. లేవకపోతే కాడ బాగా కురచగా కోసి చిన్న గిన్నెలో అమర్చుకోవచ్చు.