చీరముక్కల బొంత: ఏడేళ్లు వాడాక నా మాట

రంగురంగుల గుడ్డముక్కలు అతికి పైపొర వరకు కుట్టేసి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక బీరువాలో మడిచిపెట్టినవాళ్లు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు. వాళ్లంతా అడిగేది ఒకటే. లోపల ఏం పెట్టాలి, అంచు ఎలా మూయాలి, ఇంత కష్టపడితే ఎన్నాళ్లు వస్తుంది? తిరుపతిలో మా ఇంట్లో అత్తమ్మ, నేను కలిసి కుట్టిన బొంత ఏడేళ్లుగా వాడకంలో ఉంది. మంచం మీద పరుస్తాం, ధనుర్మాసంలో కప్పుకుంటాం, చుట్టాలొస్తే హాల్లో నేలమీద వేస్తాం. కొండకొచ్చే చుట్టాలు లేని ఇల్లు ఈ ఊళ్లో ఉండదు కాబట్టి ఆ మూడో పనే దానికి ఎక్కువ. ఇంత వాడకం తర్వాత నేను గట్టిగా చెప్పగలిగేది, పైముక్కలు ఎలా అమర్చామన్న దానికంటే ఆ తర్వాత చేసిన పనే బొంతను కాపాడిందని.

పైపొర గురించి ఎక్కువ చెప్పను, అది ఎవరికి నచ్చినట్టు వాళ్లు కుట్టుకునేది. మాదాంట్లో వాయిలు చీరలు, మామయ్య లుంగీలు, పిల్లల స్కూలు యూనిఫాం, శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు, ఒక వెంకటగిరి నూలు చీర కొంగు ఉన్నాయి. కొత్త గుడ్డలకైతే అతుకు దగ్గర పావు అంగుళం వదిలితే చాలంటారు. పాత గుడ్డ అంచులు పీచు లేస్తాయి, అందుకని అర అంగుళం వదలాలి. అతుకుని వెనకవైపు రెండు పక్కలకీ విప్పి ఇస్త్రీ చేయకుండా ఒకే పక్కకి మడిచి చేస్తే గట్టిగా ఉంటుంది. ముదురు రంగుల ముక్కలు, ముఖ్యంగా ఎరుపువి, ముందే వేణ్ణీళ్లలో ఒక తెల్లగుడ్డతో కలిపి నానబెట్టి చూడాలి. తెల్లగుడ్డకి రంగంటితే ఆ ముక్కని పక్కన పెట్టేయడమే. అలా పక్కన పెట్టిన ఎర్రచీర ఒకటి ఎంతో బాగుండేది, అయినా తీసేశాం.

ఇక లోపలి సంగతి. అంగళ్లలో మీటర్ల లెక్కన పాలిస్టర్ దూది షీటు దొరుకుతుంది. తేలిక, ఉబ్బుగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. మా ఆడపడుచు దాంతోనే కుట్టుకుంది. వాళ్లింట్లో ఏసీ ఉంది, బాగానే ఉంది. ఏసీ లేని గదిలో మాత్రం అది చెమటని పీల్చదు, ఒంటికి ఉక్క పుడుతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊరికి నేనైతే దాన్ని చెప్పను. మేం లోపల రెండు పాత నూలు చీరలు పరిచాం, అడుగున ఇంకొకటి.

చీర కొలత బొంతకి ఎంత చక్కగా సరిపోతుందో చేస్తేగానీ తెలియదు. ఐదున్నర మీటర్ల చీరని సగానికి కత్తిరిస్తే ఒక్కొక్క సగం 108 అంగుళాలు వస్తుంది. పన్నా, అంటే వెడల్పు, 45 అంగుళాలు. రెండు సగాలనీ పక్కపక్కన కలిపితే 90 అంగుళాలు. అంటే ఒక చీరకి ఒక పొర, డబుల్‌కాట్‌కి రెండు పక్కలా దిగేంత. గుడ్డ వృథా కాదు, నడుమ ఒక్కటే అతుకు. ఆ అతుకులు అన్ని పొరల్లోనూ ఒకదానిమీద ఒకటి రాకుండా చూసుకుంటే చాలు. జరీ అంచుంటే కోసేయాలి, లేకపోతే జరీ తీగ ఎప్పుడో ఒకప్పుడు పైకి పొడుచుకొచ్చి గీసుకుంటుంది. అంతా కలిపి మా బొంత రెండు కిలోలు దాటింది. పలమనేరు వైపు చలికి లోపల నాలుగు చీరలు కూడా వేస్తారు. మనకు రెండే ఎక్కువ.

పొరలు పరిచే రోజు హాలు ఖాళీ చేసుకోవాలి. ఒక్కొక్క చీరని కాస్త తడి చేసి ఇస్త్రీ వేసి, అడుగుది తిరగేసి పరిచి, మూలలు లాగి ఇటుకలు పెట్టి, దానిమీద మిగతావి ఒక్కొక్కటే వేయాలి. ముడత కనిపిస్తే అప్పుడే సరిచేయాలి, కుట్టు పడ్డాక అది పోదు. తర్వాత పొరలు కదలకుండా జానెడు ఎడంతో పెద్దపెద్ద కచ్చా కుట్లు, చివర్లో తీసేసేవే. పిన్నీసులు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వానాకాలంలో ఎక్కువ రోజులు వదిలేస్తే తుప్పు మరక పడుతుంది. దారమే మేలు.

అసలు కుట్టు దగ్గర నాకూ అత్తమ్మకీ మొదట వాదన జరిగింది. "మిషను మీద వేసేద్దాం అత్తమ్మా, నాలుగు రోజుల్లో అయిపోతుంది" అన్నాను.

"వెయ్యమ్మా, వద్దనను. ఇంత బొంతని చుట్టచుట్టి ఆ సందులో ఎట్ల దూరుస్తావు?" అంది ఆమె.

నిజమే. ఇంట్లో వాడే మిషనుకి సూదికీ పక్కనున్న స్తంభానికీ మధ్య చోటు జానెడే ఉంటుంది. పైగా కింది పళ్లు అడుగు గుడ్డని ముందుకి లాగుతుంటే పైనున్న పాదం పైగుడ్డని వెనక్కి పడుతుంది. నాలుగు పొరలకి అది బాగా తెలుస్తుంది, వరస చివరికి వచ్చేసరికి పైపొర ముడత పడుతుంది. పైగుడ్డని కూడా నడిపించే వాకింగ్ ఫుట్ అనే పాదం విడిగా దొరుకుతుంది, మిషను మీద కుట్టాలనుకునేవాళ్లు అది లేకుండా మొదలుపెట్టొద్దు. మేం మాత్రం చేత్తోనే కుట్టాం. ముక్కలు అతకడానికి మిషను, పొరలు కలపడానికి చెయ్యి. వాడకం చూశాక ఇదే సరైన పద్ధతని నాకు గట్టి నమ్మకం. చేతికుట్టు బొంత మెత్తగా ఒంగుతుంది, ఒంటికి చుట్టుకుంటుంది. మిషను కుట్టుది అట్టలా నిలబడుతుంది.

కుట్టు చూడ్డానికి సులువు, ముందుకి పోతూ ఉండే మామూలు కుట్టే. లావు నూలు దారాన్ని తేనెమైనం మీద ఒకసారి లాగితే నునుపెక్కి గుడ్డలోంచి జారుతుంది. బియ్యపు గింజంత కుట్టు పైన, అంతే ఎడం కింద. సూదికి ఒక్కసారి మూడు నాలుగు కుట్లు ఎక్కించి లాగాలి. "దారం మూరకంటే పొడుగు తీసుకోవద్దు, చిక్కు పడతాది. ముడి పైన కనపడకూడదు, పొరల నడుమకి లాగెయ్" అని అత్తమ్మ చెప్పింది. ముడిని పైనుంచి చిన్నగా ఒక్క గుంజు గుంజితే పైగుడ్డ దాటి లోపల నిలుస్తుంది, ఆ 'టప్' మనే చప్పుడు వేలికి తెలుస్తుంది. మధ్య వేలికి ఇత్తడి తొడుగు లేకుండా ఈ పని చేయొద్దు. నాలుగు పొరల్లోంచి సూది తోస్తుంటే మొదటి రోజుకే వేలి చర్మం లేస్తుంది.

వరసల మధ్య ఎడం గురించి నాకు తెలిసినంతలో ఎవరూ చెప్పరు, చెప్పాల్సింది అదే. మంచానికి సరిపడే మధ్యభాగమంతా రెండు వేళ్ల ఎడంతో వేశాం. కాళ్లవైపు తేలిగ్గా ఉండాలని కావాలనే నాలుగు వేళ్ల ఎడం వదిలాం. ఏడేళ్ల తర్వాత మధ్యలో లోపలి చీర పరిచింది పరిచినట్టే ఉంది. కాళ్లవైపు ఉతికినప్పుడల్లా లోపల ముడత పడుతుంది, ఆరేసేటప్పుడు లాగి సర్దాల్సి వస్తోంది. బరువులో తేడా ఏమీ తెలియలేదు. మేం నడుమ నుంచి అంచులకి కుట్టుకుంటూ పోయాం, ముడతలు బయటికి పోతాయని. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్లు కవంది అని ఒక బొంత కుడతారు, వాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకి వస్తారు. మూలల్లో ముక్కోణపు గుడ్డముక్కలు కూడా వేస్తారు. ఆ పద్ధతిలో పైముక్కలు ముందుగా అతకాల్సిన పనే లేదు. కుట్టుకుంటూనే ముక్క పెట్టుకుంటూ పోతారు. చూస్తే నాకు చాలా ముచ్చటేసింది.

అంచు దగ్గర తొందరపడొద్దు. చుట్టూ కలిపి 33 అడుగులు. దానికి మీటరు పాప్లిన్‌లోంచి రెండున్నర అంగుళాల క్రాసు పీసులు, అంటే ఏటవాలుగా కోసిన పట్టీలు, కత్తిరించి కలుపుకున్నాం. గుడ్డని నిలువుగా కత్తిరిస్తే పట్టీ మడత మీదకి పొడవునా ఒకే ఒక్క పోగు వస్తుంది. అది అరిగిందంటే మడత మొత్తం చీలుతుంది. మా పుట్టింటి బొంతకి అలాగే చీలింది. క్రాసు పీసులో పోగులు ఏటవాలుగా అడ్డంపడతాయి, ఒక పోగు పోయినా పక్కది పట్టుకుంటుంది. పట్టీని సగానికి మడిచి ఇస్త్రీ చేసి, బొంత ముందువైపు అంచుకి ఆనించి మిషను కుట్టు వేశాం. మూలకి పావు అంగుళం ముందు ఆగి, పట్టీని నేరుగా పైకి మడిచి, మళ్లీ కిందికి దించి రెండో వైపు కుట్టు మొదలుపెడితే మూల కోసుగా వస్తుంది. తర్వాత వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్. వెనక కూడా మిషను కుట్టే వేస్తే పని త్వరగా అవుతుంది, మెడకి ఒరుసుకుంటుంది.

ఏ బొంతకైనా ముందు పాడయ్యేది తలవైపు అంచు. ముఖం, చేతులు, నూనె తల అన్నీ అక్కడే తగులుతాయి. అందుకని అడుగు వెడల్పు పాత పంచెగుడ్డని తలవైపు రెండు పక్కలా కప్పేలా పెద్ద కుట్లతో తగిలించాం. మాసినప్పుడు దాన్నొక్కదాన్నే విప్పి ఉతుకుతాం. మా ఊరికి ఇది ఇంకా అవసరం. కొండమీద గుండు చేయించుకున్న పిల్లలు తలకి గంధం రాసుకొని వచ్చి, అలసిపోయి ఎక్కడ బొంత కనిపిస్తే అక్కడ పడుకుంటారు. ఆ పట్టీ నిండా పసుప్పచ్చ గంధం మరకలే, ఎంత ఉతికినా ఛాయ పోదు. పోకపోయినా నాకు బాధ లేదు, బొంతకి అంటలేదు.

ఉతకడం ఒక్కటే నిజంగా కష్టం. మామూలు వాషింగ్‌మిషన్‌లో వేస్తే డ్రమ్ము నిండిపోయి బొంత తిరగదు, సబ్బునీళ్లు నడుమకి పోవు. పెద్ద టబ్బులో నానబెట్టి కాళ్లతో తొక్కడమే. తడిసిన బొంతని ఒక్కరు ఎత్తలేరు. మే నెల ఎండకి పిట్టగోడ మీద సాయంత్రానికి ఆరిపోతుంది, రంగులు వెలియకుండా తిరగేసి వేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు. 2021 నవంబరులో వీధులు చెరువులైనప్పుడు ఇంట్లో మడిచిపెట్టిన బొంతకే చెమ్మవాసన పట్టింది, అది పోవడానికి ఎండలు కాయాల్సి వచ్చింది. దసరాకి ముందొకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి ఉతికితే చాలు. నడుమ ఎండలో వేసి దులిపితే సరి.

ఏ గుడ్డ ఎలా నిలిచిందో చెప్తాను. అన్నిటికంటే గట్టిగా ఉన్నవి లుంగీ గళ్లు, యూనిఫాం గుడ్డ. పని బట్టల గట్టిదనం తెలియాలంటే అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ చూడాలి. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలంలో వేసుకునే పాత ప్యాంట్లతో, చొక్కాలతో కుట్టిన బొంతలని 2002లో హ్యూస్టన్ మ్యూజియం ప్రదర్శనకి పెట్టింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు కూడా వేసింది. మా బొంతలో వాయిలు ముక్కలు మధ్యస్తం. వెంకటగిరి కొంగు సన్న పోగు కదా, రెండు చోట్ల పలచబడింది, దానిమీద నెట్టు గుడ్డ వేసి కుట్టాం. రవికల పట్టుముక్కలు అన్నిటికంటే ముందు చిరిగాయి. జార్జెట్టు ముక్క ఒకటి చెక్కు చెదరలేదు, దాని పక్కనున్న నూలు మాత్రం అతుకు పొడవునా తెగింది. గట్టి గుడ్డని మెత్తగుడ్డ పక్కన పెడితే మెత్తదే పోతుంది.

కలంకారీ ముక్క దగ్గర మాత్రం ఆగి చూడాలి. అందులో ఒక నెమలి. ఎరుపు ఇప్పటికీ నిలిచింది, పటిక పట్టించిన గుడ్డకి ఎక్కిన రంగు అంత సులువుగా దిగదు. నల్లగీతలున్న చోట మాత్రం గుడ్డ చివికిపోయింది, నెమలి కన్ను చుట్టూ గీత ఉన్నంత మేర సూదితో పొడిచినట్టు సన్నని చిల్లులు. ఆ నలుపు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసేది. ఇనుము నూలుని మెల్లగా తినేస్తుంది. పాత కలంకారీ వాడేవాళ్లు ఎరుపు ఎక్కువున్న భాగాలు కత్తిరించుకుంటే మంచిది.

బాగుచేయడం తేలిక, అదే నాకు అన్నిటికంటే నచ్చింది. పోయిన ముక్క విప్పక్కర్లేదు, దానిమీద ఇంకొకటి పరిచి అంచులు లోపలికి మడిచి హెమ్మింగ్ వేసి, పాత వరసల మీదే మళ్లీ కుట్టు నడిపిస్తే సరి. ఈ మధ్యే తలవైపు అంచు పట్టీ ఒక మూల విప్పి కొత్తది వేశాను, మిగతాదంతా ఏడేళ్ల నాటిదే.

నెలలపాటు సాయంత్రాలు కూర్చునే ఓపిక, పాత నూలు చీరలు నాలుగు ఇంట్లో ఉన్నవాళ్లు ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. తేలికైన రగ్గు కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు. దుకాణంలో కొనాల్సింది దారం, తేనెమైనం, మీటరు పాప్లిన్, అంతే. దారం మాత్రం కొత్తదే తీసుకోండి. పాత పెట్టెల్లో ఏళ్లతరబడి పడివున్న రీళ్లది చేత్తో గుంజినా తెగుతుంది.