చాన్నాళ్లు వాడాక: మా స్టేషన్ రోడ్డు పది రూపాయల వైఫై

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో ఒక జిరాక్సు షాపులో పీఎం-వాణి వైఫై ఉంది. చిన్న షాపులవాళ్లు జనానికి వైఫై ఇచ్చేందుకు కేంద్రం పెట్టిన పథకం ఇది. పెట్టిన కొత్త నుంచీ వాడుతున్నాను. పది రూపాయలకి ఇంతకంటే ఏం కావాలి అనిపించిన రోజులున్నాయి, అదీ దండగే అనుకున్న రోజులూ ఉన్నాయి.

షాపు బెంచీ మీద కూర్చుంటే వీడియో క్లాసు ఆగదు. రోడ్డు దాటితే మాత్రం ఫోన్లో గీతలు నిండుగా కనిపిస్తూనే పేజీ తెరుచుకోదు. రౌటర్ గొంతు మనదాకా వస్తుంది గానీ, మన ఫోన్ గొంతు అక్కడిదాకా పోదు మరి. మధ్యాహ్నం షాపాయన భోజనానికెళ్తూ షట్టర్ సగం దించాడా, అరుగు మీద కూర్చున్నవాళ్ల పని అయిపోయినట్టే. అడ్డం ఇనుప రేకు కదా!

అన్నిటికంటే విసుగు లాగిన్. సెల్ సిగ్నల్ సరిగా లేకే వైఫై కోసం వస్తామా, అందులోకి వెళ్లాలంటే ఓటీపీ మెసేజీ రావాలి! పథకం ప్రకారమైతే ఒక యాప్‌లో ఒక్కసారి నమోదైతే దేశంలో ఏ వాణి హాట్‌స్పాట్ దగ్గరైనా అదే చెల్లాలి. నా యాప్ మాత్రం ఫోన్ ఆపి వెయ్యగానే నన్ను మళ్లీ కొత్తవాణ్ణి చేస్తుంది.

అయినా జనం వస్తున్నారు. 2024 జులైలో రీచార్జి రేట్లు పెరిగాక ఇంకా ఎక్కువయ్యారు. 2025 డీఎస్సీ ముందు ఆ బెంచీ మీద చోటు దొరికేది కాదు. రైల్వే స్టేషన్లలో రోజూ మొదటి అరగంట వైఫై ఉచితమే గానీ, పాత పేపర్లు దింపుకుని మాక్ టెస్టు రాయడానికి అరగంట ఏం సరిపోతుంది? సాయంత్రం బళ్లకి వలస వెళ్లేవాళ్లు మూటలు దించి, పది రూపాయలిచ్చి ఇంటికి వీడియో కాల్ చేసుకుంటారు. చిల్లర వ్యాపారమే, కాని నికరమైన గిరాకీ.

నా ఉద్దేశంలో ఇది నిలబడాలంటే స్పీడు కంటే ముందు షాపాయనకి గిట్టాలి. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ పథకాన్ని ఒప్పుకున్నప్పుడు టీ కొట్టువాడైనా లైసెన్సూ ఫీజూ లేకుండా హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చంది. బాగానే ఉంది. కానీ వెనకాల కొనాల్సిన ఇంటర్నెట్ లైను? ఇంటి కనెక్షన్ ఇవ్వబోమని, ఎన్నో రెట్లు ఖరీదైన లీజు లైను (ఒక్కరికే ప్రత్యేకంగా ఇచ్చే లైను) తీసుకోమని కంపెనీలు పట్టుబట్టేవి. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని, 200 ఎంబీపీఎస్ స్పీడు వరకు ఇంటి ప్లాన్లని ఈ హాట్‌స్పాట్ షాపులవాళ్లకీ ఇవ్వాలని, రేటు ఇళ్లకి తీసుకునేదానికి రెండింతలు మించకూడదని చెప్పింది. ఆ మాట చెప్తే మా షాపాయన, "ఏటి బావూ, బిల్లు నాది, స్పీడు మీదీనా?" అని నవ్వేశాడు. నెలాఖరుకి ఆయనకి మిగిలేది టీ ఖర్చే.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కాసేపు నడుస్తుంది. తిత్లీ తుఫాను లాంటిది వస్తే మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. 2018లో ఉద్దానంలో కరెంటు స్తంభాలు ఎలా ఒరిగాయో చూశాం. మా దగ్గర ఫైబర్ తీగ చాలాచోట్ల ఆ స్తంభాల మీదే వేలాడుతోంది.

చదువుకునే పిల్లలకి, రైలు కోసం చూసేవాళ్లకి తప్పకుండా చెప్తాను. బ్యాంకు పనులకి మాత్రం నేను సొంత డేటానే వాడతాను. నేనిచ్చే మార్కులు అయిదుకి మూడు. ఆదివారం షాపు ఉండదు.