చార్లీ పార్కర్ విత్ స్ట్రింగ్స్: ఏళ్ల తరబడి విన్నాక

అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ స్ట్రింగ్స్‌తో, అంటే వయొలిన్ కుటుంబపు తీగ వాద్యాలతో కలిసి చేసిన ఈ ఆల్బమ్‌ను చాలా ఏళ్లుగా వింటున్నాను. ఇంట్లో స్పీకర్ల మీద, రాత్రి ప్రయాణాల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏ పనీ తోచని ఆదివారాల్లో. ఇప్పటికీ మొహం మొత్తలేదు. అందుకు కారణం వయొలిన్లు కాదు. వాటిని విడిగా వింటే ఆ రోజుల సినిమా నేపథ్య సంగీతంలా చాలా మామూలుగా ఉంటాయి. వాటి మీద పార్కర్ ఆల్టో శాక్సోఫోన్ నడిచే తీరు వేరే సంగతి.

మొదటి ఆరు పాటలూ 1949 నవంబర్ 30న న్యూయార్క్‌లో రికార్డయ్యాయి. ప్రొడ్యూసర్ నార్మన్ గ్రాంజ్, ఏ వాద్యం ఏం వాయించాలో రాసిన అరేంజర్ జిమ్మీ కారల్. ఆర్కెస్ట్రా అనగానే పెద్ద బృందం అనుకుంటాం గానీ, ఇక్కడ ఉన్నవి మూడు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. వాటికి తోడు హార్ప్, ఓబో అనే ఊదు వాద్యం. వెనక పియానో, రే బ్రౌన్ బేస్, బడ్డీ రిచ్ డ్రమ్స్. ఒక్కో పాట సుమారు మూడు నిమిషాలు, ఎందుకంటే అప్పటి 78 ఆర్పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది అంతే.

'జస్ట్ ఫ్రెండ్స్' ఒక్కదాని కోసమే ఈ ఆల్బమ్ కొనొచ్చు. హార్ప్, వయొలిన్లు తెర తీయగానే పార్కర్ పల్లవి అందుకోడు. ముందు ఒక పొడవాటి విరుపు విసిరి, దాని కొసన పాటలోకి దిగుతాడు. ఆ తర్వాత రాగం నోట్లన్నీ వినబడుతూనే ఉంటాయి, కానీ రెండు నోట్ల మధ్య ఖాళీ దొరికితే చాలు, పది నోట్లు దూరిపోతాయి. మన కచేరీల్లో గాయకుడు పల్లవికి సంగతులు వేస్తున్నట్టే ఉంటుంది. హడావుడిగా మాత్రం అనిపించదు. మధ్యలో పియానో కాసేపు వాయించి తప్పుకున్నాక శాక్సోఫోన్ తిరిగి వచ్చే చోటును నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో. తన రికార్డుల్లో తనకు నచ్చినవి తక్కువని చెప్పే పార్కర్‌కి కూడా ఈ పాట తృప్తినిచ్చింది.

'సమ్మర్‌టైమ్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ పాట స్వరకర్త గెర్ష్‌విన్ కట్టిన రాగాన్ని పెద్దగా కదపకుండా, నోట్ చివర కొంచెం వంచి వదిలేస్తాడు. అంత వేగం చేతిలో ఉన్నవాడు ఇంత తక్కువ వాయించాలని ఎంచుకోవడం నాకు చాలా నచ్చుతుంది.

డబ్బు కోసం చేశాడని అప్పట్లో కొందరు జాజ్ అభిమానులు విమర్శించారు. నేను ఒప్పుకోను. పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ సంగీతమంటే ప్రాణం పెట్టే పార్కర్ తనే స్ట్రింగ్స్‌తో వాయించాలని కోరుకున్నాడు. పాటల్లో ఎక్కడా మొక్కుబడి వినిపించదు.

లోపాలు లేవా? ఉన్నాయి. 1950 జులైలో జో లిప్‌మన్ అరేంజ్‌మెంట్లతో చేసిన రెండో విడతలో స్ట్రింగ్స్ మరీ చిక్కబడ్డాయి. 'లారా' లాంటి చోట్ల తీపి ఎక్కువై శాక్సోఫోన్‌కి ఊపిరాడదు. రికార్డింగ్ మోనో, అంటే శబ్దమంతా ఒకే చానల్లో. చిన్న ఇయర్‌ఫోన్స్‌లో వయొలిన్లు కీచుమంటాయి, బేస్ దాదాపు వినబడదు. కాస్త మంచి స్పీకర్ల మీద, ట్రెబుల్ తగ్గించి వింటే చాలా తేడా ఉంటుంది. ఇంకో సంగతి, రెండు విడతలూ కలిపి వేసిన సీడీని ఏకబిగిన వినొద్దు. పాటలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు అనిపించే ప్రమాదం ఉంది. మూడేసి, నాలుగేసి వినండి.

మనలో చాలామందికి శాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారి త్యాగరాజ కృతులే. ఆయనదీ ఆల్టోనే. ఆ నాదానికి చెవి అలవాటైనవాళ్లు పార్కర్ దగ్గరికి రావడానికి ఇదే సులువైన దారి అని నా నమ్మకం. బీబాప్ అనే వేగంగా సాగే జాజ్ శైలి రికార్డులు తర్వాత వినొచ్చు. ముందు 'జస్ట్ ఫ్రెండ్స్', 'సమ్మర్‌టైమ్', ఆ తర్వాత 'ఏప్రిల్ ఇన్ పారిస్' వినండి. జులై పాటల సంగతి నెల తర్వాత చూసుకోవచ్చు.