పోస్ట్‌గ్రెస్‌లో సొంత ఆపరేటర్: === తో నాలుగేళ్లు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మనం సొంత ఆపరేటర్ (= లాంటి పోలిక గుర్తు) క్రియేట్ చేసుకోవచ్చు. దానితో ఎన్ని రికార్డులు వస్తాయో అంచనా వేసే ఫంక్షన్ పేరు చెప్పే రిస్ట్రిక్ట్ అనే ఒక్క లైను లేకుండా చేస్తే పోస్ట్‌గ్రెస్ చిన్న వార్నింగ్ కూడా ఇవ్వదు. నాలుగేళ్లయినా ఈ విషయంలో నాకు కోపం తగ్గలేదు. అయినా ఆ ఆపరేటర్‌ని ఇవాళ పొద్దున కూడా వాడాను, రేపూ వాడతాను. అందుకే ఇంత వివరంగా రాయాలనిపించింది. క్రియేట్ ఆపరేటర్ సింటాక్స్ డాక్యుమెంటేషన్‌లో శుభ్రంగా ఉంది కాబట్టి దాని జోలికి వెళ్లను.

మా దగ్గర విడిభాగాల టేబుల్ ఒకటి ఉంది. ఒకే భాగాన్ని ఒకరు ఏబీ-1024 అని పంపుతారు, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదిలి ఏబీ 1024 అంటారు, మరొకరు రెండూ కలిపేస్తారు. పంపినవాళ్లు రాసింది రాసినట్టే దాచాలి, పోల్చేటప్పుడు మాత్రం ఒకటే అనుకోవాలి. మొదట్లో ప్రతి క్వెరీలోనూ రెండు వైపులా రీప్లేస్ (హైఫన్, ఖాళీ తీసేయడానికి), అప్పర్ (అన్నీ పెద్ద అక్షరాలు చేయడానికి) పెట్టుకుంటూ పోయాం. ఒకరు హైఫన్ తీసేసి ఖాళీని మర్చిపోతారు, ఇంకొకరు ఒక వైపే అప్పర్ చేస్తారు, ఒకే భాగానికి రెండు రిపోర్టుల్లో రెండు లెక్కలు. ఒక ఫంక్షన్ రాసి, దాని మీద === అని ఆపరేటర్ పెట్టాక ఈ గొడవ ఆ రోజుతో తీరిపోయింది. క్వెరీ చదువుతుంటే ఎడమవైపు కోడ్, మధ్యలో మూడు గీతలు, కుడివైపు కోడ్. కొత్తగా చేరిన వాళ్లకి కూడా ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు.

మామూలు ఫంక్షన్‌తోనే సరిపోదా అని చాలామంది అడిగారు. ఒక పని మాత్రం ఫంక్షన్‌తో కాదు. బూలియన్ (అవును లేదా కాదు) తిరిగిచ్చే ఏ ఆపరేటర్ పక్కనైనా ఎనీ (వీటిలో ఏ ఒక్కటైనా) పెట్టి, దాని తర్వాత మొత్తం అర్రే (విలువల జాబితా) ఇచ్చేయొచ్చు. కోడ్ === ఎనీ, ఆ తర్వాత యాభై కోడ్‌ల అర్రే, అంతే. ఇది పనిచేస్తుందని తెలియకుండానే ఊరికే ట్రై చేశాను, మొదటిసారికే నడిచింది. ఆ రోజు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. (దీని గురించి మళ్లీ కింద చెప్తాను, అంత సాఫీగా ఏమీ సాగలేదు.)

గుర్తు ఎంచుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. ప్రశ్నార్థకం ఉన్న పేరు పెట్టకండి, జావా ప్రోగ్రాములు డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ దాన్ని పారామీటర్ (తర్వాత విలువ నింపే చోటు) అనుకుంటుంది, ప్రతిచోటా రెండేసి ప్రశ్నార్థకాలు రాయాల్సి వస్తుంది. రెండోది ప్రాధాన్యం, అంటే ఏ గుర్తు ముందు లెక్కకొస్తుందనేది. మనం పెట్టుకున్న ఆపరేటర్ పేరు ఎంత = లా కనిపించినా దానికి = స్థానం దక్కదు. సొంత ఆపరేటర్లన్నీ || (రెండు టెక్స్ట్‌లను అతికే గుర్తు) తో సమానంగా ఒకే వరుసలో ఉంటాయి, ఎడమ నుంచి కుడికి లెక్క. కోడ్ = ముందుభాగం || నంబర్ అని రాస్తే ముందు అతుకు పడి తర్వాత పోలిక జరుగుతుంది. అదే చోట === పెడితే ముందు పోలిక జరిగి, వచ్చిన ట్రూకి వెనకాల నంబర్ అతుక్కుంటుంది. క్వెరీలో షరతు రాసే వేర్‌లో అయితే బూలియన్ కావాలి, టెక్స్ట్ వచ్చింది అని ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది, బతికిపోతాం. సెలెక్ట్ లిస్టులో మాత్రం నిశ్శబ్దంగా true1024 లాంటిది చేతికొస్తుంది. బ్రాకెట్లు పెట్టడం అలవాటు చేసుకోండి.

ఇక అసలు కథ. మొదట రాసిన ఫంక్షన్ పోస్ట్‌గ్రెస్ సొంత ప్రోగ్రామింగ్ భాష పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో ఉండేది, ఆపరేటర్‌కి ఎడమ టైపు, కుడి టైపు, ఫంక్షన్ పేరు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. టేబుల్‌లో కొన్ని వేల రికార్డులు ఉన్నంత కాలం ఏ సమస్యా లేదు. అవి 4 లక్షలకు చేరేసరికి, ఒక భాగం కదలికల చరిత్ర చూపించే స్క్రీన్ తెరవాలంటే జనం విసుక్కోవడం మొదలైంది. సర్వర్ పాతబడిందేమో అనుకున్నాం, మెమరీ సెట్టింగులు మార్చి చూశాం, ఏదీ పనిచేయలేదు. చివరికి క్వెరీ ఎలా నడిచిందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెడితే === ఉన్న లైనులో అంచనా రోస్=200000 (రికార్డుల సంఖ్య) అని ఉంది. నిజంగా దొరికినవి 3. ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ ఉంది, అయినా సగం టేబుల్ వస్తుందని ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే భాగం) నమ్మేసింది.

సరిగ్గా సగం ఎందుకో ఆలోచిస్తే అర్థమైంది. రిస్ట్రిక్ట్ లేని ఆపరేటర్ ఎన్ని రికార్డులను వడకడుతుందో ప్లానర్‌కి చెప్పేవాళ్లు లేరు, అందుకని 0.5 అని పెట్టేసుకుంటుంది. రెండు లక్షల రికార్డులు వస్తాయనుకున్నాక అది చేసింది తప్పని కూడా అనలేం. అంత పెద్ద కదలికల టేబుల్‌ని ఇండెక్స్‌లోంచి రెండు లక్షల సార్లు వెతకడం ఎందుకని మొత్తం చదివి హ్యాష్ జాయిన్ (రెండు టేబుళ్లను పెద్దమొత్తంలో కలిపే పద్ధతి) చేసింది. మూడు భాగాల కోసం చరిత్ర అంతా చదివింది. ఆల్టర్ ఆపరేటర్‌తో రిస్ట్రిక్ట్‌కి ఈక్యూసెల్, జాయిన్‌కి ఈక్యూజాయిన్‌సెల్ ఇచ్చాను. మామూలు = వాడే అంచనా ఫంక్షన్లే ఇవి, మన పోలికకి నూటికి నూరు సరిపోకపోయినా దగ్గరగా ఉంటాయి. అంచనా 200000 నుంచి 1 కి దిగింది, హ్యాష్ జాయిన్ పోయింది, స్క్రీన్ మళ్లీ కదిలింది. క్రియేట్ చేసిన రోజే "ఈ ఆపరేటర్‌కి అంచనా ఫంక్షన్ లేదు, సగం అనుకుంటాను" అని ఒక్క నోటీసు వచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా.

అక్కడితో కథ ముగిసిందనుకున్నాను, కాలేదు. జాయిన్ బాగుపడినా, విడిభాగాల టేబుల్‌లో 4 లక్షల రికార్డులకూ, రికార్డుకి ఒకసారి చొప్పున, ఫంక్షన్ నడుస్తూనే ఉంది. === ఏ ఆపరేటర్ క్లాస్‌లోనూ (ఇండెక్స్‌కి ఏ ఆపరేటర్లు తెలుసో చెప్పే జాబితా) లేదు కాబట్టి ఇండెక్స్ దాన్ని గుర్తుపట్టదు. ఆపరేటర్ క్లాస్ రాద్దామా అనుకుంటుండగా ఇంకో దారి దొరికింది, ఈ నాలుగేళ్లలో నాకు బాగా నచ్చిన విషయం ఇదే. ఫంక్షన్‌ని మామూలు ఎస్‌క్యూఎల్ భాషలో ఒక్క సెలెక్ట్‌గా రాస్తే ప్లానర్ ఆపరేటర్‌ని విప్పి, లోపలి ఎక్స్‌ప్రెషన్‌ని నేరుగా క్వెరీలో పెట్టుకుంటుంది. అంటే === మాయమై, రెండు వైపులా శుభ్రం చేసిన కోడ్‌ల మధ్య మామూలు = మిగులుతుంది. శుభ్రం చేసే ఫంక్షన్ మీద ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ (కాలమ్ మీద కాక ఫంక్షన్ ఇచ్చే ఫలితం మీద వేసే ఇండెక్స్) వేస్తే చాలు, ప్లానర్ దాన్ని వాడుకుంటుంది. ఇండెక్స్ వేశాక ఎనలైజ్ (టేబుల్ గణాంకాలు సేకరించే ఆదేశం) నడపడం మర్చిపోవద్దు, దానికి ముందు నా ప్లాన్‌లో అంచనా 2000 ఉంది, నడిపాక సర్దుకుంది. ఇంకోటి, === వెనకున్న ఫంక్షన్‌కి స్ట్రిక్ట్ (ఖాళీ విలువ, అంటే నల్ ఇస్తే నల్ వస్తుందనే మాట) అని పెట్టి, అది లోపల పిలిచే శుభ్రం చేసే ఫంక్షన్‌కి పెట్టకపోతే విప్పడం జరగదు. ఆ ఒక్క మాట దగ్గర నాకు సగం రోజు పోయింది.

రెండో దెబ్బ బ్యాకప్ రీస్టోర్ చేసిన రోజు తగిలింది. కొత్త మెషీన్‌లో డంప్ ఎక్కిస్తుంటే ఒక మెటీరియలైజ్డ్ వ్యూ (ఫలితం దాచి పెట్టుకునే క్వెరీ) రిఫ్రెష్ దగ్గర ఫంక్షన్ లేదని ఎర్రర్. కళ్లెదుటే ఉంది ఆ ఫంక్షన్! 2018 లో వచ్చిన సెక్యూరిటీ మార్పు తర్వాత పీజీడంప్ (బ్యాకప్ తీసే టూల్) ఇచ్చే డంప్, సెర్చ్ పాత్‌ని (పేర్లను ఏ స్కీమాల్లో, అంటే ఏ అరల్లో వెతకాలో చెప్పే జాబితా) ఖాళీ చేసి మరీ రీస్టోర్ అవుతుంది. వ్యూ డెఫినిషన్‌లో ఉన్న ===కి స్కీమా పేరు తనే తగిలించింది, కానీ నా ఫంక్షన్ బాడీ ఒట్టి టెక్స్ట్, అందులో స్కీమా పేరు లేకుండా రాసింది అలాగే ఉంది. తొందరలో ఉన్నాను, ఫంక్షన్‌కి సెట్ సెర్చ్ పాత్ తగిలించాను, రీస్టోర్ అయిపోయింది, హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు స్క్రీన్ మళ్లీ నెమ్మది. ఈసారి ఎక్స్‌ప్లెయిన్ చూస్తే అంచనా 1, సరిగ్గానే ఉంది, అందుకే ఇంకా అయోమయం. తర్వాత కనిపించింది, ఇండెక్స్ కండిషన్ ఉండాల్సిన చోట ఫిల్టర్ ఉంది, అందులో === విప్పకుండా అలాగే ఉంది. ఫంక్షన్‌కి సెట్ క్లాజ్ ఉంటే ప్లానర్ దాన్ని విప్పదు. రీస్టోర్‌లో వచ్చిన ఎర్రర్ కింద "డ్యూరింగ్ ఇన్‌లైనింగ్" అని ఒక చిన్న లైను ఉంది, దాన్ని ఆ రోజు శ్రద్ధగా చదివి ఉంటే అప్పుడే తట్టేది. సెట్ తీసేసి, బాడీలో పిలిచే ఫంక్షన్‌కి స్కీమా పేరు రాసి పెట్టాను. 14 వెర్షన్ నుంచి ఫంక్షన్ బాడీని బిగిన్ అటామిక్‌తో రాసే వీలుంది, అలా రాస్తే పేర్లు క్రియేట్ చేసేటప్పుడే ముడిపడిపోతాయి, ఇప్పుడు కొత్తవన్నీ అలాగే రాస్తున్నాను.

పైన పొగిడిన ఎనీ సంగతి. అర్రేతో ఎనీ రాసినప్పుడు ప్లానర్ ఆపరేటర్‌ని విప్పదు. కాబట్టి నేను వేసిన ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ అక్కడ పనికిరాదు, ఈక్యూసెల్ ఇచ్చిన అంచనా మాత్రం అక్కరకొస్తుంది. చిన్న టేబుళ్ల మీద ఎనీ ఇప్పటికీ ఇష్టంగానే వాడతాను. విడిభాగాల టేబుల్ మీద మాత్రం అర్రేని అన్‌నెస్ట్ చేసి (విడి వరుసలుగా విప్పి) === తో జాయిన్ చేస్తున్నాం, అప్పుడు విప్పుతుంది, ఇండెక్స్ కూడా దొరుకుతుంది.

పెట్టుకోమంటానా? మా పరిస్థితిలో అయితే పెట్టుకోమంటాను. మా డేటాబేస్ ఒకటే, క్వెరీలు చేత్తో రాసే నలుగురం ఉన్నాం, ఈ పోలిక రోజుకి పదిచోట్ల పడుతుంది. ఓఆర్‌ఎం (క్వెరీలను తనే రాసి పెట్టే లైబ్రరీ) వెనకాల ఉండి ఎస్‌క్యూఎల్ చూడని టీముకి ఆ మూడు గీతల వల్ల లాభం తక్కువ, శుభ్రం చేసిన కోడ్‌ని జనరేటెడ్ కాలమ్‌లో (వేరే కాలమ్ నుంచి దానంతటదే లెక్కకట్టే కాలమ్) పెట్టుకుని మామూలు = వాడుకోవడమే వాళ్లకి హాయి. కమ్యుటేటర్ (రెండు వైపులూ తారుమారు చేసినప్పటి ఆపరేటర్), నెగేటర్ (వ్యతిరేక ఆపరేటర్) లాంటివి తర్వాత చూద్దాంలే అని వదిలేయాలనుకుంటే పోస్ట్‌గ్రెస్ 17 లేదా ఆ పైన ఉన్నారో లేదో చూసుకోండి, అంతకు ముందు వెర్షన్లలో వాటిని ఆల్టర్‌తో చేర్చడం కుదరదు. ఆపరేటర్‌ని డ్రాప్ చేసి మళ్లీ కట్టాలి, దాని మీద ఆధారపడ్డ వ్యూలన్నీ కూడా.

నేనైతే ఆ ఫంక్షన్‌ని ఎవరు ముట్టుకున్నా ఎక్స్‌ప్లెయిన్ తీసి ఒకటే చూస్తాను. ప్లాన్‌లో === కనపడకూడదు, దాని చోట = ఉండాలి.