మోడలర్ బాగానే ఉంది, గుయ్యిమనేది మా ఇంటి కరెంటు

గిటారు ఆంపుల, స్పీకర్ల టోన్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే పెట్టె మోడలర్. దాన్ని రెండేళ్ళు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ఎన్ని ఆంపులు, ఎన్ని ప్రీసెట్లు, స్క్రీన్ ఎంత అనేవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. కింద ఏకరువు పెట్టబోయే గోల, ఏ కంపెనీ మోడలర్ కొన్నా హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎదురయ్యేదే. సరంజామా ఇది: సింగిల్ కాయిల్ పికప్పుల గిటారు (తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్పులో ఒకే తీగచుట్ట ఉండేది), యూఎస్‌బీ ఉన్న మధ్యరకం ఫ్లోర్ మోడలర్, ల్యాప్‌టాప్, త్రీపిన్ ప్లగ్గున్న 5 అంగుళాల స్టూడియో మానిటర్లు (రికార్డింగ్ స్పీకర్లు) రెండు. గది 10 అడుగులకు 11 అడుగులు.

టోన్ సంగతి రెండు ముక్కల్లో. ఆంపు మోడల్ మార్చినప్పటికన్నా క్యాబ్ ఐఆర్ (స్పీకర్ పెట్టె ధ్వని నమూనా ఫైలు) మార్చినప్పుడే తేడా బాగా తెలుస్తుంది. ఐఆర్ తర్వాత 90 హెర్ట్జ్ కిందివి కోసే లో కట్, 6,500 పైవి కోసే హై కట్ పెట్టాక చెవిలో ఇసుక పోసినట్టుండే గరగర పోయింది. రాత్రి పదకొండింటికి మెల్లగా పెట్టుకుని కట్టిన టోన్‌ను ఆదివారం పొద్దున మానిటర్లలో పెంచి వింటే కుండలో మాట్లాడినట్టుంటుంది. తక్కువ వాల్యూములో చెవికి బాస్ సరిగా అందదు, అందుకని చెయ్యి తెలియకుండానే బాస్ నాబ్ మీదికి పోతుంది. ప్రతి టోన్‌కూ రాత్రిదొకటి, పగటిదొకటి రెండు కాపీలు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక గుయ్యిమనే సంగతి. హై గెయిన్ మోడల్ అంటే వచ్చిన సిగ్నల్‌ను 60 డెసిబెల్స్ దాకా పెంచే యంత్రం. అంటే వోల్టేజీలో వెయ్యి రెట్లు. క్లీన్ టోన్‌లో వినపడని చిన్న చప్పుడు డిస్టార్షన్ వేయగానే తుమ్మెదలా లేస్తుంది. నాయిస్ గేట్ (చిన్న చప్పుళ్ళను మూసేసే ఎఫెక్ట్) వేస్తే మీటనప్పుడు నోరు మూసుకుంటుంది కానీ, మీటినప్పుడు గేట్ తెరుచుకుని నోటుతో పాటే అదీ వస్తుంది. నిలబెట్టిన నోటు చివర్లో మరీ తెలుస్తుంది. కాబట్టి గేట్‌ను చికిత్సగా లెక్కపెట్టకండి.

ముందు ఏ చప్పుడో తేల్చుకోవాలి. కూర్చున్న చోటే గిటారును నెమ్మదిగా తిప్పితే పెరిగి తగ్గుతోందంటే అది గాల్లోంచి సింగిల్ కాయిల్ పట్టుకుంటున్నది. ఫ్యాను వేగం తగ్గించగానే బుర్రుమంటే గుండ్రంగా తిరిగే పాతరకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కారణం. అది కరెంటు అలను ముక్కలుగా కోసి పంపుతుంది. ఫుల్ స్పీడులో ఆ కోత ఉండదు. కెపాసిటర్లతో పనిచేసే, 1 నుంచి 5 దాకా టక్కు టక్కుమని ఆగే రెగ్యులేటర్ వేయిస్తే ఆ గొడవ తీరిపోతుంది. గిటారు కేబుల్ పీకేసినా చప్పుడు అలాగే ఉండి, ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే ఠక్కున ఆగిందా, అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ వైర్లు, కేబుళ్ళ తొడుగులు (షీల్డులు) కలిసి ఏర్పడ్డ వలయం. మౌస్ కదిపినప్పుడు, పేజీ జరిపినప్పుడు కీచుమంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

మా గదిలో మొదట్లో వచ్చింది ఇది కూడా కాదు. తీగల మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమనేది. ల్యాప్‌టాప్ చార్జర్‌లో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే వాటి మధ్య బిందువు 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు చాలా తక్కువే. అది యూఎస్‌బీ తొడుగు నుంచి మోడలర్‌కు, అక్కణ్ణుంచి గిటారు కేబుల్ షీల్డుకు, చివరికి తీగలకు వస్తుంది. మల్టీమీటర్ పెడితే ఫేజు–న్యూట్రల్ 230 చూపించింది. ఫేజు–ఎర్త్ మాత్రం నిలకడ లేకుండా ఊగుతోంది. ఎర్త్ బాగుంటే రెండూ దాదాపు సమానంగా ఉండాలి, న్యూట్రల్–ఎర్త్ రెండు మూడు వోల్టులు దాటకూడదు. మీటర్ ఒక్కదాన్నే నమ్మకూడదు, తెగిన తీగలో కూడా అది దొంగ వోల్టేజీ చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్ ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్తాడు: వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో పెట్టగానే అది పడిపోతుంది, అదీ ఎర్త్ ఉందనడానికి రుజువే. మా గదిలో రెండూ జరగలేదు. మొదటి స్విచ్‌బోర్డు డబ్బా విప్పితే ఆకుపచ్చ వైరు స్క్రూ లోంచి జారిపోయి ఉంది. ఆ బోర్డు నుంచే ఎదురు గోడకు లైను లాగారు కాబట్టి గది మొత్తానికీ ఎర్త్ లేదు.

వైరు బిగించారు. జివ్వుమనడం పోయింది. గుయ్యిమనడం మూడింతలైంది.

బాగుచేస్తే పాడైందేమిటని ఎవరికైనా తిక్క రేగుతుంది గానీ, ఆలోచిస్తే సబబే. అంతవరకూ తెగి ఉన్న వలయం ఇప్పుడు పూర్తయింది: ఈ గోడ ఎర్త్, ల్యాప్‌టాప్, యూఎస్‌బీ, మోడలర్, ఆడియో కేబుల్ షీల్డు, మానిటర్, ఎదురు గోడ ఎర్త్. గదంత చుట్టు. అందులో 50 హెర్ట్జ్ కరెంటు దర్జాగా తిరుగుతుంది. పైగా 11 అడుగుల గది పొడవుకు మొదటి రెజొనెన్స్ (గది తనంతట మోగే స్వరం) సుమారు 51 హెర్ట్జ్. గోడకు ఆనించిన మానిటర్ సరిగ్గా ఆ గుయ్యినే మోసి పెడుతుంది. మానిటర్లను గోడకు అడుగున్నర ముందుకు జరిపితే కొంత తగ్గుతుంది.

ఇక్కడే చాలామంది ఇచ్చే సలహా: ప్లగ్గులో మూడో పిన్ను తీసేయ్. దయచేసి ఆ పని చేయకండి. చప్పుడు పోతుంది నిజమే. ఏదో ఒక రోజు మానిటర్ లోపల ఫేజు బాడీకి తగిలితే అది పోయే దారి మీ గిటారు తీగలే.

నేను చేసినది మూడు దశల్లో. మొదటిది, అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టడం. మానిటర్లు, చార్జర్, మోడలర్ అడాప్టర్ మొత్తం కలిపినా ఒక యాంపియర్ చుట్టుపక్కలే, ఒక 6 యాంపియర్ల సాకెట్ హాయిగా మోస్తుంది. చుట్టు చిన్నదయ్యేసరికి గుయ్ చాలావరకు పోయింది. ల్యాప్‌టాప్ కీచు మాత్రం మిగిలింది. రెండోది యూఎస్‌బీ ఐసోలేటర్, దండగ ఖర్చు. చవకగా దొరికేవాటిలో ఎక్కువ ఏడీయూఎం 3160 లేదా 4160 చిప్పులవి, సెకనుకు 12 మెగాబిట్లే దాటిస్తాయి. 8 చానెళ్ళు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ అంటే ఒక వైపుకే 9.2 మెగాబిట్లు కావాలి. రెండు వైపులా ఎలా పడుతుంది? ల్యాప్‌టాప్ అసలు మోడలర్‌నే గుర్తుపట్టలేదు. హై స్పీడ్ ఐసోలేటర్లున్నాయి గానీ ఆ ధరకు ఇంకో పెడల్ వస్తుంది.

మూడోదే పనిచేసింది, అన్నిటికన్నా చవక కూడా. మా మోడలర్ అవుట్‌పుట్ బ్యాలెన్స్‌డ్ కాదు, అంటే సిగ్నల్ రెండు వైర్లలో ఎదురెదురుగా కాక ఒక్క వైరులోనే వస్తుంది. అలాంటప్పుడు టీఆర్‌ఎస్ (టిప్, రింగ్, స్లీవ్: జాక్ కొన, మధ్య ఉంగరం, వెనక గొట్టం) కేబుల్ కొన్నా లాభం లేదు (పార్టీ 2022లో పేరు మార్చుకుంది, కేబుల్ మాత్రం ఇంకా అదే పేరుతో ఉంది). కోఠి గుజరాతీ గల్లీలో రెండు కోర్ల షీల్డెడ్ మైక్ కేబుల్, మోనో జాక్‌లు రెండు, ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు రకం) మేల్ కనెక్టర్లు రెండు తెచ్చుకోండి. జాక్ టిప్ నుంచి ఒక కోర్ ఎక్స్‌ఎల్‌ఆర్ రెండో పిన్నుకు, స్లీవ్ నుంచి ఇంకో కోర్ మూడో పిన్నుకు. షీల్డు మానిటర్ వైపు ఒకటో పిన్నుకు మాత్రమే. మోడలర్ వైపు షీల్డును కత్తిరించి, హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడిగి వదిలేయాలి. ఒక్క పోగు స్లీవ్‌కు తగిలినా చేసిందంతా వృథా, మొదటి కేబుల్‌లో జరిగింది అదే. సోల్డర్ చేశాక జాక్ స్లీవ్‌కూ ఎక్స్‌ఎల్‌ఆర్ ఒకటో పిన్నుకూ మధ్య మల్టీమీటర్ బీప్ అనకూడదు. అంటే విప్పి మళ్ళీ చేయండి. ఈ కేబుల్ వేశాక కీచు పూర్తిగా పోయింది.

ఎర్త్ గుంతలో నీళ్ళు పోస్తే హమ్ పోతుందనే మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. రాతి నేల, ఎండాకాలంలో బొగ్గూ ఉప్పూ ఎండిపోయి గుంత పనిచేయదు, కాబట్టి వాచ్‌మన్‌తో రెండు బిందెలు పోయించడం మంచిదే. కానీ అది భద్రత కోసం. గ్రౌండ్ లూప్ మీ ఫ్లాట్‌లోనే తిరుగుతుంది, దానికి గుంతతో పనిలేదు.

కొన్న కొత్తలో అడిగిన ప్రతివాళ్ళకూ “ఆంపు, ఇంటర్‌ఫేస్ అన్నీ ఇందులోనే, ఒక్క యూఎస్‌బీ కేబుల్ చాలు” అని చెప్పాను. ఆ మాటను కాస్త సవరించుకుంటున్నా. హెడ్‌ఫోన్స్‌తో, హంబకర్ (రెండు చుట్టలతో గుయ్‌ను రద్దుచేసే పికప్) గిటారుతో, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద వాయించేవాళ్ళకు అది అక్షరాలా నిజం, పైన రాసినదేదీ వాళ్ళకు అక్కర్లేదు. సింగిల్ కాయిల్, త్రీపిన్ మానిటర్లు, రికార్డింగ్ కలిస్తే మాత్రం మోడలర్ ధర మీద కేబుళ్ళకూ ఎలక్ట్రీషియన్‌కూ ఇంకో రెండు వేలు పక్కన పెట్టుకోండి. పెట్టె కొనకుండా న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి ఉచిత ప్లగిన్ వాడేవాళ్ళు కూడా ఇంటర్‌ఫేస్ దగ్గర ఇదే దారిలో నడవాలి. అద్దె ఇల్లయితే స్విచ్‌బోర్డు విప్పే ముందు ఓనర్‌తో ఒక మాట చెప్పండి. మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే కొంటానా? ఈ గదిలో, ఈ గోడల పక్కన కొంటాను. సొంత ఇల్లు, చప్పుడుకు ఒప్పుకునే మేడ గది ఉంటే చిన్న ట్యూబ్ ఆంపు వైపు చూసేవాణ్ణేమో.

తీరనిది ఒకటుంది. మాది పాత స్క్వేర్‌వేవ్ (చదరపు అలల కరెంటు ఇచ్చే) ఇన్వర్టర్. కరెంటు పోగానే 150, 250, 350 హెర్ట్జ్‌లతో మొదలయ్యే బేసి హార్మోనిక్స్ (50కి బేసి గుణిజాలు) అన్నీ ఇంటి వైర్లలోంచి నేరుగా సింగిల్ కాయిల్‌లోకి దిగుతాయి, ఏ కేబుల్ మార్చినా ఆగవు. ఇన్వర్టర్ బ్యాటరీ మార్చేటప్పుడు సైన్‌వేవ్ ఇన్వర్టర్ కొనాలి. అందాకా కరెంటు పోతే ఆ టేక్ పక్కన పెట్టి, హంబకర్ గిటారు తీసి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడమే.